విషపు నేలల శుద్ధి: వెచ్చ మెవరిది?

2025వ సంవత్సరము నవంబరు మాసములో తెలంగాణా ప్రభుత్వము హైదరాబాదు పారిశ్రామిక భూముల పరివర్తన విధానమును ప్రకటించినది. బాహ్యవలయ రహదారికి లోపలను, దాని చెంతను గల 22 పారిశ్రామిక వాడలలోని సుమారు 9,292 ఎకరముల భూమిని ఇకమీదట గృహములకును, అంగళ్లకును, కార్యాలయములకును, పాఠశాలలకును, వైద్యాలయములకును వినియోగించుకొనుటకు ఈ విధానము దారి తీయుచున్నది. బాలానగరు, సనత్‌నగరు, జీడిమెట్ల, నాచారము, మల్లాపురము, ఉప్పలు, కాటేదాను, పటాన్‌చెరువు మున్నగు పేర్లు ఈ పట్టికలో చేరినవి. ఒకప్పుడు ఊరి పొలిమేరను నిలిచిన ఫ్యాక్టరీలు నేడు ఊరి నడిబొడ్డున నున్నవి. వాని పొగను పీల్చుచు, వాని మురుగును దాటుచు లక్షలాది జనులు కాలము గడుపుచున్నారు. వానిని వెలుపలికి తరలించుట మేలనుటలో వాదము లేదు. 2013లోనే సమైక్య రాష్ట్ర ప్రభుత్వము ఇట్టి నిశ్చయము చేసియుండెను.

వివాదమంతయు ధరను గూర్చి చెలరేగినది. కోట్లు పలుకు భూములను స్వల్ప రుసుమునకు ధారపోయుచున్నారని ప్రతిపక్షములవారు ధ్వజమెత్తిరి. ఆ భూములు చాలవఱకు ఎన్నడో అమ్ముడుపోయి యజమానుల హక్కు భుక్తములలో నున్నవనియు, ఊరక పడియుండుటకంటె రుసుము గైకొని మార్పు ననుమతించుటయే ప్రజలకు లాభకరమనియు ప్రభుత్వపక్షము వారు బదులు చెప్పిరి. ఈ కోలాహలములో మూలప్రశ్న యొకటి వెనుకబడినది. అర్ధశతాబ్దికి పైగా ఆమ్లములను, లోహములను, ద్రావకములను త్రాగిన ఈ నేలను ఎవరు శుద్ధిచేయుదురు? అందుల కగు వెచ్చ మెవరు భరింతురు?

ప్రభుత్వము విధించిన రుసుము పద్ధతిని పరికించినచో ఈ ప్రశ్న యొక్క గురుత్వము బోధపడును. ఎనుబది అడుగులకు తక్కువ వెడల్పు గల బాటమీది స్థలమునకు రిజిస్ట్రేషను విలువలో నూటికి 30 వంతులు, ఎనుబది అడుగులును అంతకు మించియు వెడల్పు గల బాటమీది స్థలమునకు నూటికి 50 వంతులు చెల్లింపవలెను. అనగా భూమి యొక్క తారతమ్యము ముంగిటి రహదారిని బట్టి నిర్ణయింపబడినది. బాట వెడల్పును కొలిచిన ప్రభుత్వము మట్టిలోని విషము లోతును కొలువవలదా? ఇనుప సామానుల నుంచిన గోదామునకును, క్రోమియము పూత పూసిన కార్ఖానాకును, మందుల ముడిసరకును కాచిన ఫ్యాక్టరీకిని ఒకే తూకము న్యాయమగునా?

ఈ వాడల పుట్టుక నొకసారి స్మరింపవలెను. నిజాము ప్రభుత్వము 1929లో పారిశ్రామిక నిధిని నెలకొల్పి పరిశ్రమలకు మూలధనము సమకూర్చినది. అజామాబాదున ప్రభుత్వభూమిని కౌలునకిచ్చి ఫ్యాక్టరీలను నిలిపినది. సనత్‌నగరు అను పేరే పరిశ్రమను తెలుపు ఉర్దూ పదమునుండి వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1961లో స్థాపితమైన కేంద్రప్రభుత్వ ఔషధ సంస్థ బాలానగరు చెంత సోవియట్టు సాయముతో మందుల ఫ్యాక్టరీని నిర్మించినది. అందు శిక్షణ పొందినవారే పిమ్మట జీడిమెట్లలోను, బొల్లారములోను, పటాన్‌చెరువులోను సొంత ఫ్యాక్టరీలు పెట్టి హైదరాబాదును దేశమునకు ఔషధ రాజధానిగా చేసిరి. ఈ చరిత్ర మనకు గర్వకారణమే. ఈ వాడలు వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టినవి. కాని ఆ అన్నపు ఖరీదులో కొంత భాగమును నేల చెల్లించినది.

జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు కాటేదాను, బాలానగరు, జీడిమెట్ల, పటాన్‌చెరువు ప్రాంతముల మట్టిని పరీక్షించి సీసము, క్రోమియము, జింకు, రాగి, నికెలు వంటి లోహములు సహజ పరిమాణమును మించి యున్నట్లు ప్రకటించిరి. 2007లో స్వీడను దేశపు పరిశోధకులు పటాన్‌చెరువు ఉమ్మడి శుద్ధి కేంద్రమునుండి వెడలు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అను ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు నున్నదని వెల్లడించినప్పుడు లోకమంతయు ఆశ్చర్యపడినది. ఆ మందు సేవించిన రోగి రక్తమునం దుండు పరిమాణముకంటె అది అధికము. శుద్ధియైనదను నీటి స్థితియే యిట్లున్నచో, శుద్ధి లేక గుంటలలోనికి విడిచిన నీటి స్థితిని ఊహించుకొనవచ్చును. నక్కవాగు పొడవున పొలములు చెడి, బావులు చెడి, రైతులు 1990లో సుప్రీముకోర్టు వఱకు పోయిన వ్యాజ్యము ఇంకను మన స్మృతిపథమున నున్నది.

భూమిలో చేరిన విషము మూడు తీరుల నుండును. కొన్ని ద్రావకములు గాలిలో కలసిపోవును. అవి ఇంటి పునాది సందులనుండి పైకి లేచి గదులలోనికి వచ్చుటయు కలదు. కొన్ని వాననీటితో దిగి భూగర్భజలమున చేరును. హైదరాబాదు నేల నల్లశానపు రాతినేల. పైనున్న పొడినేలలో నీరు నిలిచి, క్రింది రాతి పగుళ్లవెంట దూరప్రయాణము చేయును. ఒక ఆవరణలో ఇంకిన విషము నాలుగు వీధుల కావలి బోరుబావిలో తేలినను వింత లేదు. ఇక లోహములు ఎన్నటికిని కుళ్లవు, ఎండవు, నశింపవు. ఫ్యాక్టరీ రేకులు విప్పి, గోడలు కూల్చి, నేలను చదును చేసి, రంగుల బొమ్మతో ప్రకటన పలక నిలిపినంతమాత్రమున అవి తొలగిపోవు. ఆ మట్టిలో ఆడుకొను పసిబిడ్డ చేతివ్రేళ్లనుండి నోటిలోనికి చేరును.

అమెరికాలోని లవ్‌కెనాల్ కథ అందఱకును కనువిప్పు కావలెను. నయాగరా పట్టణమున నొక రసాయన కంపెనీ తన వ్యర్థములను కాలువలో పూడ్చి, పైన మట్టి కప్పి, 1953లో ఆ స్థలమును ఒక్క డాలరునకు పాఠశాలల మండలికి విక్రయించినది. అచ్చట బడి వెలసినది, ఇండ్లు వెలసినవి. ఇరువదియైదేండ్లకు, 1978లో, జనులను వెడలగొట్టి ఆ వాడను ఖాళీ చేయింపవలసి వచ్చినది. చౌకగా దొరకిన భూమి తుదకు ఎంత ప్రియమైనదో ఆ దేశము నేర్చుకొన్నది.

భూమికి ధర యెట్లు వచ్చునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. బంజారా హిల్సును చూడుడు. నూఱేండ్ల క్రిందట అది బండరాళ్ల గుట్ట. లంబాడీల తాండాల మూలమున దానికా పేరు కలిగినది. మెహదీ నవాజ్ జంగు అచ్చట భవనము కట్టుకొన్నప్పుడు, 1933లో రవీంద్రకవి అచ్చట విడిది చేసినప్పుడు, అది ఏకాంత ప్రదేశము. పిమ్మట బాట వచ్చినది, నీరు వచ్చినది, విద్యుచ్ఛక్తి వచ్చినది. 1975–76 ప్రాంతమున అన్నపూర్ణ స్టూడియో అచ్చటి రాళ్లమధ్య లేచినది. జూబిలీ హిల్సు, ఫిలింనగరు వెలసి తెలుగు చలనచిత్ర పరిశ్రమ మదరాసునుండి తరలి స్థిరపడినది. నేడచ్చట గజము భూమి మధ్యతరగతివానికి కలలోనిమాట. ఆ రాయి మాఱలేదు. దానిచుట్టును ప్రజల ధనముతో నిర్మించిన పట్టణము మాఱినది. సనత్‌నగరు, బాలానగరుల భూములకు నేడు కలుగుచున్న ధరయు నిట్టిదే. మెట్రో రైలు, వంతెనలు, మంచినీటి గొట్టములు యజమానులు వేసినవి కావు. కావున ఆ యధిక విలువలో ప్రజలకు భాగము కలదు. ఆ భాగమునుండి మొదట తీర్పవలసిన ఋణము నేల ఋణము.

బంజారా హిల్సు వాసులు ఈ విషయము తమది కాదనుకొనరాదు. బంజారా నాలాయు, కూకట్‌పల్లి నాలాయు తుదకు హుస్సేనుసాగరులోనే కలియుచున్నవి. 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున ప్రజల దాహము తీర్చుటకు నిర్మించిన ఆ తటాకము, గుట్టమీది యిండ్ల మురుగును, జీడిమెట్ల వైపునుండి దిగు ఫ్యాక్టరీ మురుగును ఒక్కతీరుననే మ్రింగినది. దానిని బాగుచేయుటకు 2006లో జపాను దేశమునుండి అప్పు తేవలసి వచ్చినది. లాభములు ఫ్యాక్టరీలవి, అప్పు ప్రజలది! ఏరు దాటువఱకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన పిదప బోడి మల్లయ్య యను సామెతకు ఇంతకన్న దృష్టాంతము కలదా?

ఇక శుద్ధివెచ్చమునకు ధనము వచ్చు మార్గములను విచారింతము. అవి ముఖ్యముగా నాలుగు.

మొదటిది, చెఱచినవానిచేతనే చెల్లింపించుట. ఇది ధర్మము; 1996లో సుప్రీముకోర్టు వెల్లూరు తోళ్ల కార్ఖానాల వ్యాజ్యమున దీనిని దేశశాసనములో భాగముగా నంగీకరించినది. కాని ఆచరణలో చిక్కులు పెక్కు. రాజస్థానములోని బిచ్ఛ్‌డీ గ్రామపు బావులను చెఱచిన కంపెనీలు చెల్లింపవలెనని అదే 1996లో తీర్పు వెలువడినను, పదునైదేండ్లు వ్యాజ్యముమీద వ్యాజ్యము నడపి వారు తప్పించుకొనిరి. 2011లో చక్రవడ్డీతో చెల్లింపుమని న్యాయస్థానము మరల నాజ్ఞాపింపవలసి వచ్చినది. కంపెనీ జీవించియున్న చోటనే యిట్లైనప్పుడు, మూతపడి, చేతులు మాఱి, పేరు మాఱిన కార్ఖానాల సంగతి చెప్పవలెనా?

రెండవది, ఖజానానుండి ఖర్చు పెట్టుట. భోపాలున 1984 నాటి ఘోరమునకు పిమ్మట ఫ్యాక్టరీలో మిగిలిన సుమారు 337 టన్నుల వ్యర్థములను 2025 జనవరిలో పీతంపురమునకు తరలించి, ఆ సంవత్సరము మధ్యకు దహనము ముగించిరి. అందుల కైన 126 కోట్ల రూపాయలును ప్రజాధనము. నలువదియేండ్లు గడచినవి, మట్టియు, భూగర్భజలమును ఇంకను అట్లే యున్నవి. ఖజానామీదనే ఆధారపడిన శుద్ధి ఎంత మెల్లగా నడచునో దీనివలన తెలియుచున్నది.

మూడవది, ఒక్కొక్క కంపెనీని వెదకుటకు మారుగా పరిశ్రమ యంతటిమీదను స్వల్పమగు పన్ను విధించి నిధిని కూర్చుట. లవ్‌కెనాల్ పిదప అమెరికా 1980లో సూపర్‌ఫండు శాసనమున ఇట్లు చేసినది. కాని 1995లో ఆ పన్ను గడువు ముగియగనే నిధి క్షీణించి, భారము సామాన్య పన్నులమీద పడినది. 2021 శాసనమున దానిని మరల విధించిరి. పన్ను లేని నిధి ఊట లేని బావి యని దీని నీతి.

నాల్గవది, భూమి వినియోగము మాఱుటవలన కలుగు అధిక విలువనుండి శుద్ధివెచ్చమును రాబట్టుట. జర్మనీలోని రూరు ప్రాంతమున బొగ్గుగనులు, ఉక్కు కొలుములు మూతపడినప్పుడు, అచ్చటి రాష్ట్ర ప్రభుత్వము ప్రత్యేక నిధిచే ఆ భూములను కొని, శుద్ధి చేసి, తిరిగి వినియోగమునకు తెచ్చినది. డ్యూయిస్‌బర్గులో పాడువడిన ఉక్కు కొలిమి నేడు ఉద్యానవనము. ధర పెరుగు పట్టణములలో ఈ నాల్గవ మార్గమే మిక్కిలి సులువైనది. ఏలయన ధనము భూమిలోనే యున్నది. హైదరాబాదున నేడు మన కందివచ్చిన యవకాశ మిదియే.

అవకాశమును జారవిడిచిన నేమగునో బొంబాయి చెప్పును. అచ్చటి మిల్లు భూములలో మూడవ వంతు పట్టణమునకు, మూడవ వంతు సామాన్యుల గృహములకు, మూడవ వంతు యజమానులకు అని 1991లో నియమము చేసిరి. 2001లో ఆ నియమమును సవరించి, ఖాళీస్థలమునకు మాత్రమే ఆ భాగములు వర్తించునట్లు చేసిరి. 2006లో సుప్రీముకోర్టు సవరణను ఆమోదించినది. మిల్లుల కట్టడములు నిండిన చోట ఖాళీస్థల మెంత? పట్టణమునకు దక్కిన భాగము కుంచించుకొని పోయినది. ఆకాశహర్మ్యములు మాత్రము లేచినవి. ఒకసారి సంతకము పడిన పిదప అడుగుటకు ప్రజలకు హక్కు మిగులదు.

ఇట్టి సమయమున కేంద్రప్రభుత్వము 2025 జూలైలో కలుషిత స్థలముల నిర్వహణ నియమములను ప్రకటించుట గమనింపదగినది. జిల్లా యధికారులు అనుమానాస్పద స్థలముల పట్టికను ఆఱేసి నెలల కొకసారి పంపవలెను. కాలుష్య నియంత్రణ మండలి 90 దినములలో ప్రాథమిక పరీక్ష చేయింపవలెను. పిదప సమగ్రపరీక్ష జరుగవలెను. బాధ్యుడైనవానిని గుర్తించి వెచ్చమును వసూలు చేయవలెను. బాధ్యుడు దొరకనిచోట కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములు ఆ భారము వహింపవలెను. దేశమున అప్పటికి గుర్తింపబడిన కలుషిత స్థలములు 103 కాగా, శుద్ధికార్యము ఆరంభమైనవి ఏడు మాత్రమే. నియమములలో నొక లోపము స్పష్టము: పరీక్షకు గడువున్నది, శుద్ధి ముగింపునకు గడువు లేదు. అయినను ఆయుధము చేతికి వచ్చినది. ఇది జూలై నాటి మాట, భూపరివర్తన విధానము నవంబరు నాటి మాట. ఒకదానిని మఱియొకదానితో ముడివేయుట రాష్ట్రప్రభుత్వము చేతిలోని పని.

మా సూచనలు స్పష్టముగా నుండవలెను గనుక వరుసగా చెప్పుచున్నాము.

వినియోగపు మార్పునకు దరఖాస్తు పెట్టిన ప్రతి స్థలమునను మట్టిని, నీటిని పరీక్షింపవలెను. వెచ్చము యజమానిది, పరీక్షకుని ఎన్నిక మాత్రము మండలిది. తన ముద్దాయిని తానే నియమించుకొను సాక్షి లోకమున నుండరాదు. పరీక్షాఫలితమును రిజిస్ట్రారు కచ్చేరీలోని ఎన్‌కంబరెన్సు పత్రమున నమోదు చేయవలెను. భూమిమీద బ్యాంకు అప్పు ఉన్నచో కొనువానికి తెలియుచున్నది గదా. భూమిలో సీసము ఉన్నచో తెలియవలదా?

వసూలైన రుసుములో నిర్ణీతమగు భాగమును సామాన్య ఖజానాలో కలుపక, శుద్ధినిధిగా వేఱుంచవలెను. ఖజానాలో కలసిన ధనము సముద్రమున కలసిన యేరు. ఈ నిధినుండి మూడు పనులు జరుగవలెను: యజమాని దొరకని స్థలముల శుద్ధి, వాడల వెలుపలికి ప్రాకిన భూగర్భజల కాలుష్యపు నివారణ, చిన్నవారికి అప్పు. బాలానగరు, జీడిమెట్లలలో వందల గజముల స్థలమున లేతు యంత్రము పెట్టుకొని బ్రతికిన చిన్న కార్ఖానాదారులు పెక్కురు. వారు ముందుగా లక్షలు తెచ్చి శుద్ధి చేయింపలేరు. వారికి తక్కువ వడ్డీకి అప్పిచ్చి, స్థలము అమ్ముడుపోయినప్పుడు మొదటి పద్దుగా తిరిగి రాబట్టినచో, అదే ధనము మఱియొకరి కక్కఱకు వచ్చును.

శుద్ధిప్రమాణము భవిష్యద్వినియోగమును బట్టి యుండవలెను. బండ్లు నిలుపు చోటునకు గట్టి కప్పుదల చాలవచ్చును. పిల్లల బడికి చాలదు. తవ్వి తీసిన మట్టి దుండిగల్లు వద్దనున్న ప్రమాదకర వ్యర్థముల నిక్షేపస్థలమునకో, తగిన దహనశాలకో లెక్కప్రకారము చేరవలెను. రాత్రివేళ లారీలలో చెరువు గట్టులకు చేరరాదు. పటాన్‌చెరువు శుద్ధికేంద్రపు నీటిని పైపులో అంబరుపేటకు పంపి మూసీలో కలుపుటను చూచినవారమే. చోటు మార్చుట శుద్ధి కాదు.

అట్లే, క్రొత్తగా ఫ్యాక్టరీలు పోవుచోట మొదటి దినముననే పూచీ ధనము కట్టించుకొనవలెను. గని తవ్వువాడు గనిని మూయుటకు ముందుగా పూచీ చూపవలెనని మన శాసనములు చెప్పుచున్నవి. నేలమీద రసాయనములు కాచువానికి ఆ నియమ మేల లేదు? లేనిచో యాచారమున, కందుకూరున, సంగారెడ్డి పల్లెలలో నక్కవాగు కథ పునరావృత్తమగును. పల్లెలలో పొలములు గల మన పాఠకులు ఈ యంశమును ప్రత్యేకముగా గమనింతురు గాక.

దీనికి రెండు ఆక్షేపణలు వినవచ్చును. పరీక్షల పేర జాప్యము జరుగునని మొదటిది. ప్రాథమిక పరీక్షకు నియమము లిచ్చిన గడువు 90 దినములు. అర్ధశతాబ్ది వాడుకొనిన భూమికి మూడు మాసములు అధికమా? శుద్ధివెచ్చము చేరినచో ఇండ్ల ధర పెరిగి మధ్యతరగతి నలుగునని రెండవది. ఇది వినుట కింపుగా నున్నను లెక్కకు నిలువదు. ఉదాహరణకు, నొక ఎకరము రిజిస్ట్రేషను విలువ పది కోట్లనుకొందము. రుసుము మూడు కోట్లు. వినియోగము మాఱిన పిదప బజారులో ముప్పది కోట్లు పలికినచో, యజమానికి మిగులు నిరువదియేడు కోట్లు. శుద్ధికి ఒక కోటి పట్టినచో నిరువదియారు మిగులును. ఇంటి ధర ప్రక్కవాడలోని యింటి ధరను బట్టి తేలును గాని, మట్టి కడిగిన ఖర్చును బట్టి కాదు. తగ్గునది భూయజమాని లాభములో నొక భాగము. కొనువాని జేబు కాదు. శుద్ధివెచ్చము లాభమును మించు స్థలములు కొన్ని యుండవచ్చును. అచ్చట ఇండ్లు కట్టక వదలి, కప్పుదల వేసి, కాపలా పెట్టుటయే మేలు.

ఈ కర్తవ్యము ప్రభుత్వముతోడనే ముగియదు. అప్పు లిచ్చు బ్యాంకులు పరీక్షాపత్రము లేనిదే ఇట్టి స్థలములమీద ఋణ మీయరాదు. ఇల్లు కొనువారు దక్షిణపు గాలిని, తూర్పు వాకిలిని, వాస్తును విచారించుచున్నారు. ఇంతకు ముందు ఈ నేలమీద ఏమి కాచిరని కూడ విచారింపవలెను. నగరపాలక సంస్థ పాత కార్ఖానాల లైసెన్సు పుస్తకములను బహిరంగపఱచినచో, ఏ స్థలమున ఎవ్వరు ఏ పని చేసిరో తెలియును. నాలుగు అక్షరములు నేర్చిన ప్రతి పట్టణవాసియు అడుగదగిన ప్రశ్న లివి.

భూదానమునకు మించిన దానము లేదని పెద్దలందురు. విషభూమిని బిడ్డల కిచ్చుట దానము కాదు, ద్రోహము. రుసుము తక్కువా యెక్కువా యను వాదము శాసనసభలో సాగనిండు. కాని ఈ 22 వాడలలో మొదటి ఇల్లు రిజిస్ట్రేషను కాకముందే, మొదటి మట్టి పరీక్ష జరుగవలెను. మొదటి రూపాయి శుద్ధినిధిలో పడవలెను. ఆ క్రమము తలక్రిందైనచో, నేటి రాబడి రేపటి తరమువారి వైద్యశాల పద్దుగా తిరిగి వచ్చును.